ఆరో నంబరు మరక

పద్మకుమారికి కోపం వస్తే గొంతు పెరగదు, తగ్గుతుంది. ఆ సంగతి తెలిసిన మూడో తరగతి పిల్లలు ఆ శనివారం పొద్దున్న పలకల్లోకి తలలు దూర్చేసి కూర్చున్నారు. తెలియనిది ఒక్క కొండబాబుకే. సైకిలు వెనక చెక్కపెట్టె కట్టుకుని, అందులో సీసాలు గలగలలాడుతుంటే హుషారుగా బడి ముందు దిగాడు.

"టీచరమ్మగారూ, పోయిన వారం మా కాఫీ రంగు సిరా తీసుకున్నారు. ఎలాగున్నాది? ఇంకో సీసా ఇమ్మంటారేటి?"

పద్మ లోపలికెళ్ళి హాజరుపట్టీ తెచ్చి అతని ముక్కు కింద విప్పింది. సోమవారం గళ్ళు చక్కటి గోధుమరంగులో ఉన్నాయి. మంగళవారం కాస్త ముదిరాయి. గురువారం వచ్చేసరికి కాటుకతో దిద్దినట్టు ఉన్నాయి.

"ఇది ఏ రంగండీ?" అంది మెల్లగా.

"నలుపండి."

"నేను కొన్నది?"

"కాఫీ రంగండి."

"నిన్న ఇనస్పెక్టరుగారు వచ్చేరు. వారమంతా హాజరు వేశావా, లేకపోతే మధ్యలో మానేసి తర్వాత వేరే ఇంకుతో దిద్దేవా అని అడిగేరు. సంజాయిషీ రాసిమ్మన్నారు. ఏటి రాయమంటారు, మీరే చెప్పండి."

బుద్ధిమంతుడైతే ఇక్కడ డబ్బులు వెనక్కిచ్చి, దణ్ణం పెట్టి వెళ్ళిపోతాడు. కానీ కొండబాబుని ఏమన్నా పడతాడు గానీ అతని ఇంకుని అంటే పడడు. పెన్ను కడక్కుండా పోసి ఉంటారని అన్నాడు. పెన్ను కూడా ఇంకుతో పాటే కొత్తగా కొన్నదేనని పద్మ చెప్పింది. అయితే తప్పు కాగితానిదని తేల్చేశాడు. గవర్నమెంటు వాళ్ళిచ్చే బాదామి కాగితంలో ఏం కలుపుతారో దేముడికే తెలియాలట.

"ఇంకు తప్పు కాదండి. అది నేను చేసింది," అన్నాడు చివరికి.

మా పిల్లాడు దొంగతనం చెయ్యడండీ అని పోలీసుతో చెప్పే తండ్రిలా అన్నాడా మాట. పద్మకి నవ్వు వచ్చింది గానీ ఆపుకుంది. వచ్చే శనివారం ఆరు రకాల కాగితాలు తెమ్మంది. దేని మీద రంగు మారుతోందో తేలేదాకా అతన్నీ వదలనంది, అతని ఇంకునీ వదలనంది.

అతను మాత్రం వదిలించుకుందామనుకున్నాడా? పాపం, ఆ తర్వాత వారం ఎప్పుడొస్తుందా అని ఎదురుచూశాడు.

అరవై ఎనిమిదో సంవత్సరం వానాకాలం అది. పద్మ వాళ్ళలాగే కొండబాబు వాళ్ళది కూడా సముద్రాన్ని నమ్ముకున్న కుటుంబమే. తండ్రి రంగూన్ రేవులో పని చేసి, తిరిగొచ్చి చనిపోయాక తల్లి దానమ్మ శ్రీకాకుళంలో నాగావళి ఒడ్డున ఉంటూ వలలకి చెక్కరసం పట్టించేది. తుమ్మచెక్క మరిగించిన నీళ్ళలో నూలు వల నానబెడితే ఉప్పునీటికి కుళ్ళదు. ఇప్పుడేమో నైలాను వలలు వచ్చేశాయి, వాటికి ఏ రసమూ అక్కర్లేదు. ఖాళీగా పడున్న బానని చూసి చూసి, వలకి పట్టే రంగు కాగితానికి ఎందుకు పట్టదని కొండబాబుకి తోచింది. తుమ్మచెక్కకి తుమ్మజిగురు కలిపి, బూజు పట్టకుండా లవంగ నూనె నాలుగు చుక్కలు వేశాడు. నీలం ఇంకు, నలుపు ఇంకు పెద్ద కంపెనీలవి. కాఫీ రంగు ఎవరిదీ కాదు, తనది చేసుకుందామన్నది అతని పట్టుదల.

విజయనగరంలో పుస్తకాల డిపో జగన్నాధంగారు కూడా ఆశ పెట్టారు. రంగు మారదని రుజువు చేస్తే దసరాలోపు సరుకు ఎత్తుకుంటానన్నారు. కాకపోతే ఖరగ్‌పూర్ ఉంది. అక్కడ రైల్వే వర్క్‌షాపులో మేనమామ ఉద్యోగం చూసి ఉంచాడు. ఒకటో తారీఖు దాటితే ఆ ఉద్యోగం ఆగదు.

ఇదంతా పద్మకి రెండో శనివారం తెలిసింది. వినేసి, "అయితే మనకి నాలుగు వారాలే ఉన్నాయి," అంది. మనకి అన్న మాట తన నోట ఎలా వచ్చిందో ఆవిడకే తెలియదు. అతను మాత్రం దాన్ని శ్రీకాకుళం దాకా సైకిలు మీద జాగ్రత్తగా తీసుకెళ్ళాడు.

పరీక్షకి పద్ధతి పద్మ పెట్టింది. ప్రతి కాగితం మూలా వెదురుపుల్లతో బొటనవేలంత మరక పెట్టాలి. మరక పక్కన నంబరు వెయ్యాలి. కింద అతను తన పెన్నుతో ఒక వాక్యం రాయాలి. ఆ పెన్ను తండ్రి రంగూన్ నుంచి తెచ్చినది, బంగారు పాళీ. దాన్ని ఎవరికీ ఇవ్వడు, పద్మ అడిగితే మాత్రం ఇచ్చాడు.

ఒకటో నంబరు నోటుపుస్తకం కాగితం, బుద్ధిగా ఉంది. రెండోది ఆ నేరస్థుడు బాదామి కాగితం. అది వేసంగి ఇసక నీళ్ళు తాగినట్టు ఇంకుని తాగేసింది, అక్షరాలకి కాళ్ళూ చేతులూ మొలిచాయి, వెనకవైపు కూడా చదువుకోవచ్చు. "నేను చెప్పలేదేటి," అని కొండబాబు ఎగిరి గంతేశాడు. "పాకింది. రంగు మారలేదు," అంది పద్మ. మూడోదైన లెడ్జరు కాగితం మీద ఇంకు ఆరడానికి పద్మ ముప్ఫై రెండు లెక్కపెట్టింది. ముప్ఫై మూడు అని కొండబాబు వాదించాడు. మళ్ళీ రాసి మళ్ళీ లెక్కపెట్టారు. అలా ఆ ఒక్క కాగితం మీదే గంటన్నర పోయింది, ఇద్దరిలో ఎవరికీ బాధ కలగలేదు. దస్తావేజు కాగితం, శుభలేఖ అట్ట కూడా అయ్యాయి. ఆరోది పోస్టుకార్డు. దాని దగ్గరికి వచ్చేసరికి వాన మొదలై బడి చూరు కారడంతో, కార్డు జేబులో పెట్టుకుని తడుస్తూ వెళ్ళిపోయాడు.

అయిదు కాగితాలూ పద్మ బల్ల సొరుగులో ఉన్నాయి. రెండు వారాలైనా ఒక్క మరకా మారలేదు. ఆవిడ పెన్నులో ఇంకు మాత్రం మూడు రోజులకోసారి నల్లబడుతూనే ఉంది. కాగితం తప్పు కాదు, పెన్ను కొత్తది, ఇంకు అదే. ఎక్కడో ఏదో ఉంది. ముల్లు ఎక్కడ గుచ్చుకుందో తెలియకుండా నడవడం పద్మకి చేతకాదు.

ఆ తర్వాత శనివారం అతను రాలేదు. పద్మ సాయంత్రం దాకా కిటికీ దగ్గర కాపీలు దిద్దింది. దిద్దినవే మళ్ళీ దిద్దింది.

మరుసటి శనివారం మధ్యాహ్నం బడి విడిచి ఇంటికి వచ్చేసరికి వాకిలి అంతా నీళ్ళు. శ్రీకూర్మం దాటి సముద్రం వైపు ఉన్న పల్లె వాళ్ళది. తల్లి లేని పిల్లని నానమ్మ గున్నమ్మే పెంచింది. ఆ నానమ్మ తడిబట్టలతో గుమ్మంలో కూర్చుని, పారాదీప్ పడవల మీద పని చేసే తన తమ్ముడు అసిరయ్య పేరు పెట్టి ఏడుస్తోంది. వండిన అన్నం పారబోశారు, నీళ్ళకుండలు ఒంపేశారు. ఇరుగుపొరుగు చుట్టూ చేరారు. తండ్రి నూకయ్య తలమీంచి నీళ్ళు కారుతుండగా దూలం పట్టుకుని నిలబడ్డాడు.

సంగతేమిటంటే పొద్దున్న పోస్టుమేన్ సోములు ఒక కార్డు తెచ్చాడు. మూల నల్లటి మరక ఉంది. చావు కబురు మోసుకొచ్చే కార్డుకి మూల నల్లగా పూస్తారు, దాన్ని ఇంట్లోకి తేరు. చదవనా అని అడగడానికి కూడా సోములుకి మనసు రాలేదు. కంచె మీద పెట్టి, తల దించుకుని వెళ్ళిపోయాడు. ఇంట్లో చదువు వచ్చినది పద్మ ఒక్కతే, ఆవిడ బడిలో ఉంది. పారాదీప్ నుంచి తప్ప వీళ్ళకి ఉత్తరం రాసేవాళ్ళు లేరు. ఇంకేం కావాలి? గున్నమ్మ కార్డుని నాలుగు ముక్కలు చేసి కంచె అవతల పారేసి, తలమీంచి నీళ్ళు పోసుకుంది.

పద్మకి అసిరయ్య తాత అంటే ప్రాణం. కళ్ళు తుడుచుకుంటూ, ఎప్పుడు పోయాడో తెలుసుకుందామని కంచె దాటి ముక్కలు ఏరింది. లోపలికి తేవద్దని నానమ్మ కేక వేసింది. సన్నటి వానలో అక్కడే నిలబడి, చేతిలో ఉన్న నోటుపుస్తకం మీద ముక్కలు కలిపింది. నల్లటి మరక పక్కన చిన్న అంకె కనిపించింది.

ఆరు.

మరక పక్కన అలా నంబరు వెయ్యమన్నది తనే.

"కుమారి పద్మకుమారిగారికి. ఇంటి దగ్గర నాలుగు ఉత్తరాలు రాసి నాలుగూ చింపేశాను. అందుకని పెన్ను ఇంట్లో వదిలేసి, ఇంకు సీసా జేబులో వేసుకుని పోస్టాఫీసుకి వచ్చాను. ఇక్కడ దారం కట్టిన కలంతో రాస్తున్నాను, ఇక్కడైతే చింపాలనిపించేలోపు డబ్బాలో వేసెయ్యవచ్చు. జగన్నాధంగారు సీసాలు తిప్పి పంపేశారు. ఆయన పెన్నులో కూడా నల్లబడిందట. ఒకటో తారీఖున ఖరగ్‌పూర్ వెళ్ళాలి. ఇంకు నిలబడితే మా అమ్మని మీ నాన్నగారి దగ్గరికి పంపుదామనుకున్నాను. నిలబడలేదు. అయినా అడక్కుండా వెళ్ళడం నా వల్ల కాదు. మీకు ఇష్టమైతే ఒక్క ముక్క రాయండి. మూల ఉన్నది ఆరో నంబరు, ఈ కలంతోనే పూశాను. రంగు ఎలా ఉందో కూడా రాయండి."

ఊరంతా చదవగల కార్డు మీద ఇలాంటి సంగతి రాసినవాణ్ణి ఏమనాలి? పైగా చివర రంగు ఎలా ఉందని! పద్మకి ఏడుపు మధ్యలో నవ్వు వచ్చింది. చావింట్లో నవ్వుతున్న పిల్లని చూసి ఇరుగుపొరుగు నోళ్ళు నొక్కుకున్నారు.

"నానమ్మా, తాత బాగున్నాడు. ఎవరూ పోలేదు."

"మరి ఆ నల్ల మూలేటే?"

"అది ఇంకు మరక. ఇంకు చేసే ఆయన పెట్టేరు."

గున్నమ్మ చదవమంది. పద్మ చదువుతూ వచ్చి, మీ నాన్నగారి దగ్గరికి అన్నచోట ఆగిపోయింది. ముఖం వేడెక్కింది. గున్నమ్మ తడి కొంగు పిండుకుంటూ లేచి వచ్చింది. "ఆగిపోనావేటి? సదువు."

పద్మ మొత్తం చదివేసింది. నూకయ్య దూలం వదిలి మెల్లగా అరుగు మీద కూర్చున్నాడు. చచ్చినవాడు బతికినందుకు సంతోషించాలో, వండిన అన్నం పోయినందుకు తిట్టాలో అతనికి తేలలేదు.

"నా తమ్ముణ్ణి సంపేసి, నా మనవరాల్ని అడుగుతన్నాడా?" అంది గున్నమ్మ. "ఆడెవుడో నాను సూడాల. రేపే ఎల్దాం."

పద్మ వినడం లేదు. మరకనే చూస్తోంది. అదే సీసా, అదే ఇంకు. వెదురుపుల్లతో పెట్టిన అయిదూ మారలేదు. బంగారు పాళీతో రాసినదీ మారలేదు. తన పెన్నుకి ఉక్కు పాళీ. జగన్నాధంగారిదీ అంతే అయి ఉంటుంది. పోస్టాఫీసు కలం సంగతి చెప్పనే అక్కర్లేదు, దాని పాళీ తుప్పుతోనే నిలబడి ఉంటుంది.

"నానమ్మా, వల నానేసిన బానలో కత్తి పడితే ఏమవుతాది?"

"రసమంతా నల్లగా పీనుగు రంగు తిరుగుతాది. అందుకే గదేటే, ఇనప బాన పెట్టం, మట్టి బానే పెడతాం." మనవరాలికి మతి తప్పిందేమోనని గున్నమ్మ అనుమానంగా చూసింది.

ఈ పల్లెలో నాలుగేళ్ళ పిల్లని అడిగినా చెప్పే సంగతి. చిన్నప్పటి నుంచి ఆ బానల మధ్య తిరిగినవాళ్ళిద్దరూ, చేతికి పెన్ను వచ్చేసరికి బానని మర్చిపోయారు. పద్మ నాలుగు ముక్కలనీ నోటుపుస్తకంలో పెట్టుకుంది. తల వంచుకుని లోపలికి వెళ్ళబోయింది గానీ, నానమ్మ ముందు తలమీద చెంబుడు నీళ్ళు పోసుకోమంది. బతికున్నవాడి ఉత్తరమైనా నల్ల మూల నల్ల మూలేనట.

మర్నాడు ఆదివారం. మంగళవారం ఒకటో తారీఖు. శ్రీకాకుళంలో బస్సు దిగి ఏటి ఒడ్డుకి వెళ్ళేసరికి కొండబాబు పెరట్లో రేకుపెట్టెకి తాళం బిగిస్తున్నాడు. సీసాలన్నీ ఓ మూల గోడవారగా పేర్చి ఉన్నాయి. పద్మని చూసి లేచాడు, వెనక గున్నమ్మని చూసి మళ్ళీ కూర్చున్నాడు.

"ఒరే, నా తమ్ముణ్ణి సంపినోడివి నువ్వేనా?"

ఎవరి తమ్ముడో, ఎలా చంపాడో కొండబాబుకి అర్థం కాలేదు.  పద్మ జరిగింది చెప్పింది. వింటూ వింటూ అతను రెండు చేతులతో తల పట్టుకున్నాడు. దానమ్మ లోపల్నుంచి వచ్చి పెద్దావిడ కాళ్ళకి నీళ్ళిచ్చింది. కాళ్ళు కడుక్కుంటూ గున్నమ్మ పెరడంతా కలయజూసింది. పొయ్యి మీది బాన, ఎండేసిన చెక్క, చూరు కింద పాత నూలు వలలు. కోపం కొద్దిగా దిగింది. మన పని తెలిసినవాళ్ళ ఇల్లు.

"బాన మట్టిది పెట్టినావు, బాగున్నాది. మరి కలానికి ఇనప ముక్కెందుకు పెట్టినావురా?"

కొండబాబు ముసలమ్మ వంక చూశాడు, పద్మ వంక చూశాడు. అర్థమైంది. ఒక్క క్షణం మొహం వెలిగి, వెంటనే ఆరిపోయింది. "లోకమంతా ఇనప ముక్కులతోనే రాస్తాది కదమ్మా. అందరికీ బంగారు పాళీలు నేనెక్కణ్ణుంచి తేను?"

"లోకాన్ని మార్చొద్దు. ఇంకుని మార్చండి," అంది పద్మ. "నానమ్మా, లంగరు తగిలి వల మీద నల్ల మచ్చ పడితే ఏం చేస్తావు?"

"నిమ్మకాయ రాస్తే పోతాది."

నిమ్మకాయ పోస్తే ఇంకు కుళ్ళుతుందని కొండబాబు అన్నాడు. కోమటి కొట్లో పొడిగా దొరికే నిమ్మ ఉప్పు కుళ్ళదని పద్మ అంది. ఎంత వెయ్యాలో ఇద్దరికీ తెలియదు. ఆరు గిన్నెల్లో ఇంకు పోసి, చిటికె తర్వాత చిటికె పెంచుతూ కలిపి, ఒక్కోదాంట్లో ఒక్కో తుప్పు మేకు వేశారు. మొదటి రెండు గిన్నెలూ కళ్ళముందే నల్లబడ్డాయి. మూడోది కాస్సేపు ఆలోచించి అదే దారి పట్టింది. చివరి రెండింట్లో ఉప్పు ఎక్కువై ఇంకు పల్చటి టీ నీళ్ళలా పాలిపోయింది. నాలుగో గిన్నె దగ్గర ఇద్దరూ బాసింపట్టు వేసుకుని కూర్చున్నారు. గంట గడిచింది. మేకు మునిగే ఉంది, రంగు చెక్కరంగే.

దానమ్మ అన్నం తినడానికి మూడుసార్లు పిలిచింది. మూడోసారి గున్నమ్మే జవాబు చెప్పింది, వాళ్ళిద్దరినీ పిలవొద్దని.

బస్సు దాకా వచ్చాక కొండబాబు గొంతు సవరించుకున్నాడు. "కార్డులో ఇంకో సంగతి కూడా రాసేనండి."

"చదివేను."

"మరి?"

"ముందు ఇంకు నిలబడనియ్యండి." పద్మ అతని కళ్ళలోకి చూసే చెప్పింది. "నిలబడలేదు గానీ అడుగుతన్నాను అని రాసేరు. అలా అడిగినవాడికి నేను జవాబు చెప్పను. నిలబెట్టి అడగండి. ఖరగ్‌పూర్‌కి రానని మీ మావకి రాసెయ్యండి."

"నిలబడకపోతేనో?"

"నాలుగో గిన్నె చూసి కూడా అలా అంతారేటి?"

మంగళవారం రైలు కొండబాబు లేకుండానే వెళ్ళింది. మేనమామ కోపంగా రాసిన జవాబు కూడా వచ్చింది. కొండబాబు కొత్త సీసా తీసుకుని విజయనగరం వెళ్ళి, జగన్నాధంగారి సొంత పెన్ను కడిగి ఇంకు పోశాడు. ఆయన దాన్ని పదిహేను రోజులు జేబులోనే ఉంచుకుని, రోజూ ఒక గీత గీసి చూసుకున్నారట. పదహారో రోజున పాతిక డజన్లు పంపమని రాశారు. ఆ కబురు కొండబాబు బడికి మోసుకొచ్చినప్పుడు పద్మ సంతోషంగా తల ఊపి, తన సంజాయిషీ చూపించింది. అయిదు కాగితాలూ, ఒక తుప్పు మేకూ జత చేసింది. ఇనస్పెక్టరుగారు మేకుని మాత్రం తిప్పి పంపారు. కొండబాబు ఇంకేదైనా చెబుతుందేమోనని కాసేపు నిలబడ్డాడు. పద్మ పిల్లలకి ఎక్కాలు చెప్పుకుంటూ పోయింది. అతను ఉసూరుమంటూ సైకిలెక్కాడు.

ఆ సాయంత్రమే పద్మ శ్రీకూర్మం పోస్టాఫీసుకి నడిచి వెళ్ళింది. కార్డు కొంది. బల్లకి దారంతో కట్టిన కలం తీసుకుని, అతనిచ్చిన కొత్త ఇంకు సీసాలో ముంచి, నిలబడే రాసింది.

"కొండబాబుగారికి. ఇది ఏడో నంబరు. నాలుగు మూలలూ పసుపుకి పోయాయి కాబట్టి మరక మధ్యలో పెట్టాను. ఈ కలం పాళీ మీ ఊరి దానికన్నా ఎక్కువ తుప్పు పట్టింది, చూసే ఎంచుకున్నాను. మూడు రోజులు ఉంచి చూడండి. ఈ రంగు మారకపోతే నా మాటా మారదు. మీ అమ్మగారిని పంపండి."

కొంగున ముడి వేసి తెచ్చుకున్న పసుపు తడిపి నాలుగు మూలలా అద్ది, ఆరనిచ్చి, డబ్బాలో వేసింది.  

కార్డు అందడానికి రెండు రోజులు, అక్కణ్ణుంచి మూడు. అయిదో రోజు పొద్దుటి నుంచీ వాన. ఇంత వానలో ఎవరొస్తారని నూకయ్య అంటూనే ఉన్నాడు, కంచె బయట సైకిలు ఆగింది. తల్లిని వెనక బస్సులో రమ్మని చెప్పి, తను ఆగలేక వచ్చేశాడు. జుట్టు నుంచి నీళ్ళు కారుతున్నాయి. చొక్కా లోపల చెయ్యి పెట్టి, ఆముదపు గుడ్డలో చుట్టిన కార్డు తీశాడు. పోయినసారి కార్డు ఆగిన చోటే తనూ ఆగాడు.

"రంగు?" అంది పద్మ గుమ్మంలోంచి. 

"మారలేదు," అన్నాడు. "ఇవాళ పొద్దున్న కూడా మారలేదు."

పద్మ ఇన్నాళ్ళూ బిగబట్టినదంతా ఒక్కసారి వదిలేసింది. తలుపు రెక్క పట్టుకుని ఏడ్చింది, నవ్వింది, ఏది ముందో చూసినవాళ్ళకి తెలియలేదు.

గున్నమ్మ తాటాకు గొడుగు పట్టుకుని కంచె దాకా నడిచింది. కార్డు అందుకుంది. ఆవిడకి అక్షరాలు రావు. నాలుగు మూలలూ తిప్పి తిప్పి చూసింది. పసుపు. మధ్యలో మరక, వలకి పట్టించే చెక్కరసం రంగు, పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచీ తన చేతులకి ఉన్న రంగు. కార్డుని కళ్ళకద్దుకుని ఇంట్లోకి తీసుకెళ్ళి, దేముడి పటం వెనక దోపింది.

తిరిగి చూస్తే అతను ఇంకా కంచె బయటే ఉన్నాడు.

"ఉత్తరం లోపలికొచ్చినాది," అంది గున్నమ్మ. "తెచ్చినోడివి ఆనలో ఏటి సేస్తన్నావురా? రా, తల తుడుసుకో."